స్తూపం నుంచి అర్చామూర్తి దాకా: నేలకొండపల్లి, భద్రాచలం శిల్పాల్లో మతభావన

వ్యాససంగ్రహం:
శిల్పంలో మతభావన కథారూపంలోనే కాక, అవయవాల అమరికలోనూ, ఆయుధాల స్థానంలోనూ, నిర్మాణపు ఆకృతిలోనూ వ్యక్తమవుతుంది. ఖమ్మం ప్రాంతంలోని నేలకొండపల్లి బౌద్ధస్తూపాన్నీ, భద్రాచలంలోని వైకుంఠరామమూర్తినీ ఆధారంగా చేసుకొని ఈ విషయాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. రెండు సంప్రదాయాలకూ ఉమ్మడిగా ఉన్న చక్రం, ప్రదక్షిణం, దానం అనే అంశాలు వేర్వేరు తాత్త్విక భూమికల మీద వేర్వేరు అర్థాలను ఎలా పొందాయో ఇందులో వివరించడమైంది.

కీలకపదాలు: నేలకొండపల్లి, స్తూపం, భద్రాచలం, వైకుంఠరాముడు, అర్చావతారం, ధర్మచక్రం, సుదర్శనం, దమ్మక్క, రామదాసు.

1. ఉపోద్ఘాతం

ఖమ్మం పట్టణానికి సుమారు 20 కిలోమీటర్ల దూరంలో ఉన్న నేలకొండపల్లికి తెలుగువారి మతచరిత్రలో రెండు ప్రత్యేకతలున్నాయి. తెలంగాణలోని ముఖ్యమైన బౌద్ధస్థావరాలలో ఒకటి ఇక్కడ ఉంది. భద్రాచల రామాలయ నిర్మాత కంచెర్ల గోపన్న, అంటే భక్త రామదాసు, పుట్టిన ఊరు కూడా ఇదే. ఒకే ఊరి పేరు బౌద్ధశిల్ప చరిత్రలోనూ, రామభక్తి సాహిత్య చరిత్రలోనూ కనిపిస్తున్నా, ఈ రెండింటినీ పక్కపక్కన ఉంచి పరిశీలించే ప్రయత్నం తక్కువ. బౌద్ధాన్ని పురావస్తు పరిశోధకులకూ, రామదాసును సాహిత్య పరిశోధకులకూ విడిచిపెట్టడం ఇందుకు ఒక కారణం.

పక్కపక్కన ఉంచినప్పుడు ఒక ప్రమాదమూ ఉంది. రెండింటి మధ్య వెయ్యేళ్లకు పైబడిన కాలవ్యవధి ఉంది. పోలిక కనిపించిన ప్రతిచోటా ఒకటి మరొకదాన్ని ఆక్రమించిందనో, ఒకటి మరొకదాని నుంచే పుట్టిందనో తీర్మానిస్తే శాస్త్రీయత దెబ్బతింటుంది. అందువల్ల ఈ వ్యాసంలో పోలికను మూలాన్వేషణకు కాక, అర్థభేదాన్ని గుర్తించడానికి మాత్రమే వినియోగించడం జరిగింది.

2. నేలకొండపల్లి: మూసి ఉంచిన పవిత్రత

రాష్ట్ర పురావస్తుశాఖ జరిపిన తవ్వకాల్లో నేలకొండపల్లి వద్ద ఇటుకలతో కట్టిన మహాస్తూపం, విహారాల శిథిలాలు, సున్నపురాతి బుద్ధవిగ్రహాలు, ఒక కంచు బుద్ధప్రతిమ, రాతిలో మలచిన చిన్న స్తూపాకృతి మొదలైనవి బయటపడ్డాయి. ఈ స్థావరం కృష్ణాలోయలోని అమరావతి, నాగార్జునకొండ శిల్పసంప్రదాయానికి చెందినది.

స్తూపానికి లోపల భక్తుడు ప్రవేశించే గది ఉండదు. ధాతువును గర్భంలో నిక్షేపించి, చుట్టూ ఇటుకలతో కప్పి, అర్ధగోళాకారపు అండాన్ని నిర్మిస్తారు. భక్తుడు చేయగలిగింది చుట్టూ తిరగడమే. అంటే ఇక్కడ పవిత్రత దర్శనానికి అందదు. నడకకు మాత్రమే అందుతుంది. సర్వం అనిత్యమనీ, శాశ్వతమైన ఆత్మ లేదనీ చెప్పిన బౌద్ధానికి ఈ ఆకృతి తగినది. పరినిర్వాణం పొందిన తథాగతుడు ఉన్నాడనీ చెప్పలేము, లేడనీ చెప్పలేము. స్తూపం ఆ స్థితిని అలాగే నిలుపుతుంది.

కృష్ణాలోయ స్తూపాలకు ప్రత్యేకమైన ఆయక వేదికలు దీనికి మరొక అంశాన్ని చేర్చాయి. నాలుగు దిక్కులా ముందుకు వచ్చే ఒక్కొక్క వేదికపై ఐదేసి స్తంభాలు నిలిపేవారు. బుద్ధుని జననం, మహాభినిష్క్రమణం, సంబోధి, ప్రథమోపదేశం, పరినిర్వాణం అనే ఐదు ఘట్టాలకు ఇవి సంకేతాలని పండితుల అభిప్రాయం. ప్రదక్షిణం చేసే వ్యక్తి ఏ దిక్కున ఆగినా బుద్ధుని జీవితమంతా అతని ఎదుట ఉంటుంది.

3. గుర్తు నుంచి మూర్తికి

అమరావతి తొలి శిల్పాల్లో బుద్ధుడు మానవాకృతిలో కనిపించడు. ఖాళీ ఆసనం, పాదముద్రలు, బోధివృక్షం, చక్రం అతని స్థానంలో ఉంటాయి. దీనిపై పండితులలో ఏకాభిప్రాయం లేదు. బుద్ధుని ప్రతిమగా చూపడానికి ఇష్టపడని తొలిదశకు ఇవి నిదర్శనాలని ఆల్ఫ్రెడ్ ఫూషే ప్రతిపాదించాడు. వీటిలో చాలా దృశ్యాలు బుద్ధుని జీవితఘట్టాలు కావనీ, ఆ స్థలాలకు వచ్చిన యాత్రికుల ఆరాధనను చూపుతున్నాయనీ సుసాన్ హంటింగ్టన్ 1990లో వాదించింది. ఒకే గుర్తు సందర్భాన్ని బట్టి వ్యక్తినీ, స్థలాన్నీ, గుణాన్నీ సూచించగలదని విద్యా దెహేజియా 1991లో సమాధానమిచ్చింది.

నేలకొండపల్లి స్తూపమూ, అక్కడి బుద్ధవిగ్రహాలూ ఈ చర్చలో ఉపయోగపడతాయి. విగ్రహం వచ్చాక స్తూపం అవసరం తీరిపోలేదు. రెండూ ఒకే ఆవరణలో కొనసాగాయి. ఆంధ్రశైలి బుద్ధమూర్తిలో కుడిభుజం అనాచ్ఛాదితంగా ఉంటుంది. సంఘాటి ఎడమభుజం మీదుగా సమాంతర రేఖలుగా జారి, అడుగున బరువైన అంచుగా మలుపు తిరుగుతుంది. కుడిచేయి అభయాన్నిస్తుంది. ఆ మూర్తి చేతిలో ఆయుధం లేదు, పక్కన దేవేరి లేదు. అభయం ఇస్తున్నది రక్షకుడైన దేవుడు కాదు, భయకారణాన్ని తెలుసుకున్న గురువు. వస్త్రం తప్ప మరేమీ లేని ఆ నిరాడంబరత త్యాగభావనకు శిల్పరూపం.

4. భద్రాచల మూర్తి: చేతుల అమరిక

భద్రాచలంలో మూలవిరాట్టు స్వరూపం దీనికి పూర్తిగా భిన్నమైనది. రాముడు పద్మాసనస్థుడై ఉంటాడు. ఎడమతొడపై సీత ఆసీనురాలై ఉంటుంది. లక్ష్మణుడు రాముని ఎడమవైపు నిలిచి ఉంటాడు. రామునికి నాలుగు చేతులు. రెండింట ధనుర్బాణాలు, మిగిలిన రెండింట శంఖచక్రాలు ఉంటాయి. అందులోనూ శంఖం కుడిచేత, చక్రం ఎడమచేత ఉండడం ఈ మూర్తి విశిష్టత.

4.1 స్థలపురాణ వివరణ: మేరువు కుమారుడైన భద్రుడు రాముని కోసం తపస్సు చేశాడు. రామావతారం ముగిసిన తరువాత విష్ణువు వైకుంఠం నుంచి అతనికి దర్శనమివ్వడానికి వచ్చాడు. భక్తుని చేరాలన్న తొందరలో శంఖచక్రాలు చేతులు మారాయని స్థలపురాణం చెబుతుంది. ఈ కథ శిల్పంలోని అసాధారణతను లోపంగా చూడలేదు. భక్తునిపై భగవంతునికి గల ఆర్తికి సాక్ష్యంగా చూసింది.

4.2 శిల్పశాస్త్ర వివరణ: విష్ణువు చతుర్వింశతి మూర్తులు శంఖం, చక్రం, గద, పద్మం అనే నాలుగింటి స్థానమార్పుతో ఏర్పడినవే. నాలుగు వస్తువులను నాలుగు చేతుల్లో 24 విధాలుగా అమర్చవచ్చు. మూర్తులూ 24. అంటే చేతులు మారడం శిల్పశాస్త్రంలో పొరపాటు కాదు, పేరును నిర్ణయించే లక్షణం. రూపమండనం వంటి గ్రంథాల వర్గీకరణలో కేశవమూర్తికి శంఖం పై కుడిచేత, చక్రం పై ఎడమచేత ఉంటాయి. అయితే భద్రాచల మూర్తికి గదాపద్మాలు లేవు. వాటి స్థానంలో ధనుర్బాణాలు ఉన్నందువల్ల దీన్ని ఆ 24లో చేర్చడం కుదరదు.

4.3 తాత్త్విక వివరణ: పాంచరాత్రం భగవంతునికి పర, వ్యూహ, విభవ, అంతర్యామి, అర్చ అనే ఐదు స్థితులను చెప్పింది. రాముడు విభవం, అంటే అవతారం. ద్విభుజుడైన మానవుడు. వైకుంఠనాథుడు పరస్థితి. ధనుర్బాణాలు పట్టిన చేతులు విభవానికీ, శంఖచక్రాలు పట్టిన చేతులు పరత్వానికీ చెందినవి. ఈ రెండూ రాతిలో, నిత్యపూజకు అందే అర్చారూపంలో కలిశాయి. కాలంలో ముగిసిన అవతారాన్ని కాలాతీతమైన పరతత్త్వంతో కలపడమే ఈ నాలుగు చేతుల ప్రయోజనమని నా ప్రతిపాదన. బౌద్ధశిల్పి గతించిన గురువును ఖాళీ ఆసనంతో సూచించాడు. ఇక్కడి శిల్పి గతించిన అవతారం మళ్లీ వచ్చిందని అదనపు చేతులతో సూచించాడు.

5. చక్రం: ఒక గుర్తు, రెండు అర్థాలు

రెండు సంప్రదాయాలకూ ఉమ్మడి అయిన గుర్తు చక్రం. సూర్యాపేట జిల్లాలోని ఫణిగిరిలో ఇక్ష్వాకురాజు రుద్రపురుషదత్తుని 18వ పాలనాసంవత్సరంలో రాజవైద్యుడొకడు ధర్మచక్రాన్ని ప్రతిష్ఠించినట్లు శాసనం ఉంది. నాగార్జునకొండలో కొన్ని స్తూపాల పునాదులే చక్రాకారంలో ఉన్నాయి. కేంద్రం నుంచి ఆకుల మాదిరిగా ఇటుక గోడలు కట్టి, మధ్య ఖాళీలను మట్టితో నింపారు. ఇది కట్టడానికి బలం. ధర్మానికి సంకేతం కూడా.

బౌద్ధంలో ఈ చక్రాన్ని పట్టిన చేయి ఉండదు. అది స్తంభంపై నిలుస్తుంది. ఒకసారి ప్రవర్తితమైన ధర్మం ప్రవర్తకుడు లేకపోయినా సాగుతుందని దాని అర్థం. సుదర్శనం ఇందుకు భిన్నమైనది. అది ఒకరి చేతిలో ఉంటుంది, ఒకరి సంకల్పాన్ని అనుసరిస్తుంది. భద్రాచల ఆలయ శిఖరంపై ఉన్న సుదర్శనచక్రం రామదాసుకు గోదావరిలో లభించిందని ఐతిహ్యం. శిఖరంపై ఒంటరిగా కనిపించినా అది గర్భాలయంలోని స్వామి చేతికి చెందినదే. ఆకృతి ఒకటైనా, కర్త విషయంలో రెండు మతాలూ భిన్నమార్గాల్లో సాగాయి.

ఇక్ష్వాకు శబ్దానిదీ ఇదే పరిస్థితి. విజయపురి పాలకులు ఆ వంశనామాన్ని ధరించారు. నాగార్జునకొండ శాసనాలు బుద్ధుని ఇక్ష్వాకు వంశీయుడిగా కీర్తించాయి. రామునిదీ అదే వంశం. అశ్వమేధం చేసిన శాంతమూలుని కుటుంబంలోనే అతని సోదరి శాంతిశ్రీ మహాచైత్యానికి పోషకురాలైంది. అదే లోయలో అష్టభుజస్వామి ఆలయమూ వెలసింది. అంటే ఉమ్మడి గుర్తులన్నీ ఘర్షణ ఫలితాలు కానక్కరలేదు. ఒకే ఇంట్లోనూ అవి పెరిగాయి.

6. దానం: పుణ్యం, లెక్క

శిల్పం వెనుక దాత ఉంటాడు. దాత మాటలోనూ మతభావన తెలుస్తుంది. కృష్ణాలోయ ప్రాకృత శాసనాల్లో దాతలు తమ పేరు, బంధువుల పేర్లు, ఇచ్చిన వస్తువు చెప్పి, ఆత్మీయుల హితసుఖాలనూ, నిర్వాణాన్నీ కోరుకుంటారు. ఆ దానానికి ప్రతిఫలమివ్వవలసిన వ్యక్తి ఎదుట లేడు. కర్మనియమమే ఫలమిస్తుంది.

17వ శతాబ్దిలో తానాషా కాలంలో పాల్వంచ పరగణా తహసీల్దారుగా ఉన్న గోపన్న వసూలైన ధనంతో ఆలయం కట్టించి గోల్కొండ చెరసాల పాలయ్యాడని సంప్రదాయం. కీర్తనల్లో అతడు గోపురాలకూ, నగలకూ అయిన ఖర్చును స్వామికే లెక్క చెబుతాడు, నిలదీస్తాడు, వెంటనే శరణు వేడుతాడు. లెక్క అడగాలంటే ఎదుట ఒకరుండాలి. అర్చామూర్తి ఆ ‘ఒకరు’. సీత తొడపై కూర్చున్న కుటుంబమూర్తి కాబట్టే ఆమె ద్వారా మొర చెప్పుకొనే వీలూ రామదాసుకు కలిగింది. కీర్తనలోని చనువుకు ఆధారం ఆ శిల్పంలోనే ఉంది.

7. దిబ్బ, పుట్ట

నేలకొండపల్లి బౌద్ధశిథిలాలను స్థానికులు విరాటరాజు దిబ్బగా పిలుచుకున్నారు. బౌద్ధస్మృతి చెరిగిన చోట భారతకథ నిలిచింది. భద్రాచల ఐతిహ్యంలో పోకల దమ్మక్క అనే కోయ స్త్రీకి స్వామి పుట్టలో దొరికాడు. ఆమె గోదావరి నీటితో పుట్టమన్ను కరిగించి, తాటిపండు నివేదించింది. ఆ తరువాతే రామదాసు ఆలయం.

దిబ్బకూ పుట్టకూ ఆకారసామ్యం ఉన్నంతమాత్రాన భద్రాచలం ఒకప్పటి స్తూపమని ఊహించడం తగదు. సాదృశ్యం వేరు, సంక్రమణం వేరు. అర్థంలో ఇవి పరస్పరం వ్యతిరేకం. స్తూపం తన గర్భాన్ని మూసి ఉంచుతుంది. పుట్ట తెరుచుకొని మూర్తిని బయటపెడుతుంది. ఆ తెరుచుకోవడానికి కారణమైనది ఆగమం తెలిసిన ఆచార్యుడు కాదు, అడవిలోని కోయ స్త్రీ. మూర్తిలక్షణాన్ని పాంచరాత్రంతో వివరించి, తొలి పూజను విస్మరిస్తే వివరణ సగమే అవుతుంది. మంత్రానికి ముందు తాటిపండు ఉన్నదన్న విషయాన్ని స్థలపురాణమే దాచలేదు. పరిశోధకుడు దాచకూడదు.

8. ముగింపు

• నేలకొండపల్లిలో స్తూపం, బుద్ధమూర్తి పక్కపక్కనే ఉండడం వల్ల గుర్తు, మూర్తి అనేవి ఒకదాని తరువాత ఒకటి వచ్చి తొలగిపోయే దశలు కావని తెలుస్తుంది.

• భద్రాచల మూర్తిలోని శంఖచక్రాల స్థానమార్పు శిల్పలోపం కాదు. విభవ, పరస్థితుల కలయికను చెప్పే నాలుగు చేతుల అమరికలో భాగంగా దాన్ని గ్రహించాలి.

• చక్రం, ప్రదక్షిణం, దానం ఉమ్మడివే అయినా కర్త, ఫలం, దర్శనం అనే విషయాల్లో రెండు మతాల దృష్టి వేరు.

• ఉమ్మడి గుర్తుల ఆధారంగా ఒక స్థలం మొదట ఎవరిదన్న తీర్పు ఇవ్వడం సాధ్యం కాదు. ఆ గుర్తు ఎవరి చేతిలో ఏమి చెబుతున్నదన్నదే శిల్పం సమాధానమివ్వగల ప్రశ్న.

• ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాల మతచరిత్రను స్తూపం, ఆగమం, కీర్తన, గిరిజన ఐతిహ్యం అనే నాలుగు ఆధారాలను కలిపి చదివినప్పుడే సమగ్రంగా అర్థం చేసుకోగలం.