మూలపడ్డ మైక్రోస్కోపుకి ఎల్‌ఇడి దీపం

బోటనీ చదివే నా స్నేహితురాలి ల్యాబ్‌లో ఒక మైక్రోస్కోపు బీరువాలో మూలపడి ఉంది. లెన్సులు బాగానే ఉన్నాయి. దాని అద్దం ముందు పెట్టే చిన్న ట్యూబ్‌లైటు పెట్టె మాత్రం పాడైంది. ఆ సైజు ట్యూబు కోసం తిరిగినా దొరకలేదు. ప్రాక్టికల్ పరీక్షేమో దగ్గర పడింది, ఒక్కో మైక్రోస్కోపుకి ఆరుగురు అమ్మాయిలు. "ఎల్‌ఇడితో మనమే చేసుకుంటే పోలా?" అంది తను. నేను ఆర్ట్స్ పిల్లనైనా తోడు వెళ్ళాను. నాకు అర్థమైంది మీకూ చెప్తాను.

ట్యూబ్‌లైటులో పాదరసం ఆవిరి ఉంటుంది. కరెంటు పారితే దాన్నుంచి కంటికి కనబడని అతినీలలోహిత కాంతి వస్తుంది. గాజు లోపలి తెల్ల పూత దాన్ని మామూలు వెలుగుగా మారుస్తుంది. తెల్ల ఎల్‌ఇడిలోనూ పూత ఉంది. లోపల నీలం కాంతి, పైన పసుపు పూత, రెండూ కలిస్తే తెలుపు. ఆ నీలం ఎల్‌ఇడికే 2014లో అకసాకి, అమానో, నకమురా అనే ముగ్గురికి భౌతికశాస్త్రంలో నోబెల్ వచ్చింది.

మరి తేడా ఏంటి? మన ఇళ్ళకొచ్చే కరెంటు సెకనుకి 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. పాత చోక్ ఉన్న ట్యూబు దాంతో సెకనుకి 100 సార్లు మినుకుమంటుంది. కంటికి తెలీదు గానీ, సెల్‌ఫోన్‌తో స్లైడు ఫోటో తీస్తే నల్ల చారలు పడతాయి. ఫోన్ చార్జర్ ఇచ్చేది ఒకే దిక్కున పారే కరెంటు. అందుకే ఎల్‌ఇడి నిలకడగా వెలుగుతుంది.

కావలసినవి: ఒక తెల్ల ఎల్‌ఇడి, ఒక రెసిస్టర్, పాత చార్జర్, దాని వైరు, అట్టపెట్టె, బటర్ పేపరు.

రెసిస్టర్ ఎందుకంటే, చార్జర్ ఇచ్చేది 5 వోల్టులు, ఎల్‌ఇడికి చాలేది సుమారు 3. మిగిలిన 2 వోల్టులని రెసిస్టర్ భరించాలి. కరెంటు 20 మిల్లీ ఆంపియర్లు, అంటే 0.02 ఆంపియర్. 2ని 0.02తో భాగిస్తే 100. కాబట్టి 100 ఓముల రెసిస్టర్. అది లేకుండా నేరుగా కలిపితే ఎల్‌ఇడి మాడిపోతుంది. ఎల్‌ఇడి పొడుగు కాలు ప్లస్ వైపుకి రావాలి. తిప్పి పెడితే వెలగదు.

మొదటిసారి చూస్తే స్లైడు మధ్యలో కళ్ళు చెదిరే చుక్క ఒక్కటే కనిపించింది. అది ఎల్‌ఇడి బొమ్మే! దాని ముందు బటర్ పేపరు అంటించాక వెలుగు అంతటా సమంగా పరుచుకుంది. అయినా ఉల్లిపొర కణాలు సరిగా తేలలేదు. వెలుగు ఎక్కువైతే పల్చటివి కనబడవట. స్టేజీ కింది డయాఫ్రం కొంచెం మూయగానే గోడలు గీత గీసినట్టు కనిపించాయి.

ఒక్క జాగ్రత్త. పాత దీపం పెట్టెని ప్లగ్గు తీసి పక్కన పెట్టండి, విప్పకండి. ట్యూబుని చెత్తబుట్టలో వెయ్యకుండా ఈ-వేస్టుకి ఇవ్వండి, పాదరసం విషం.

ఇప్పుడు ఆ మైక్రోస్కోపు బీరువాలో లేదు, కిటికీ పక్క బల్ల మీద ఉంది. మబ్బు పట్టిన రోజు కూడా పని చేస్తోంది.