ఎర్రగాజు నుంచి ఎక్స్‌రే పలక దాకా: సెలీనియం

నందవరం చౌడేశ్వరమ్మ తిరుణాలలో గాజుల అంగళ్ల దగ్గర ఎర్రగాజులు రెండు రకాలు దొరుకుతాయి. కొన్నింటికి రంగు పైపూత. నాలుగు రోజులు అంట్లు తోమితే వెలిసిపోతుంది. కొన్నింటికి రంగు గాజులోనే ఉంటుంది, విరిగిన ముక్కను ఎండకు ఎత్తి చూసినా లోపలంతా ఒకే ఎరుపు. ఆ రెండో రకానికి గాజు పనివాళ్లు ఎంతోకాలంగా వాడుతున్న సరుకు సెలీనియం.

మన గాజుల్లో చాలా భాగం ఉత్తరప్రదేశ్‌లోని ఫిరోజాబాద్ నుంచి వస్తాయి. కాడ్మియం సల్ఫైడు, సెలీనియం కలిపి కరిగించిన గాజు మొదట పసుపుగానే ఉంటుంది. దానికి మళ్లీ సెగ తగిలించాలి. అప్పుడు లోపల కంటికి ఆనని స్ఫటికాలు కట్టి ఎరుపు తేలుతుంది. సెగ చాలకపోతే నారింజ దగ్గరే ఆగిపోతుంది, మితిమీరితే నల్లబారుతుంది. ఇదే సెలీనియాన్ని చిటికెడు వేస్తే గాజుకున్న రంగు పోతుంది! ఇసుకలోని ఇనుము వల్ల వచ్చే పచ్చఛాయను ఇది ఇచ్చే లేత గులాబీఛాయ కొట్టేస్తుంది. తెల్లసీసాల తెలుపు వెనక చాలాసార్లు ఉన్నది ఇదే. రంగు గాజుల్లోని ఇలాంటి సూక్ష్మ స్ఫటికాలను గమనిస్తూనే రష్యా శాస్త్రవేత్త ఎకిమోవ్ క్వాంటమ్ డాట్లనే అతిసూక్ష్మ స్ఫటికాల దారి పట్టారు. 2023లో రసాయన నోబెల్ పంచుకున్న ముగ్గురిలో ఆయనొకరు. కాడ్మియం సెలినైడు డాట్లతో టీవీ తెరలు కూడా వచ్చాయి.

సెలీనియం పరమాణు సంఖ్య 34. గంధకానికి తమ్ముడి వరస. 1817లో స్వీడన్‌లో రసాయన శాస్త్రవేత్త బెర్జీలియస్ సల్ఫ్యూరిక్ ఆమ్లం తయారీలో అడుగున మిగిలిన ఎర్రటి మడ్డిలో దీన్ని కనుక్కున్నాడు. ఇప్పటికీ దీనికంటూ ప్రత్యేకంగా గనులు తవ్వరు. రాగిని విద్యుత్తుతో శుద్ధి చేసేటప్పుడు తొట్టి అడుగున చేరే మడ్డిలో బంగారం, వెండితో పాటు ఇదీ దొరుకుతుంది. అక్కడి నుంచి పొడిగా, గుళికలుగా, కడ్డీలుగా బయటికొస్తుంది. 221 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరుగుతుంది కాబట్టి పోత పోయడం తేలిక. కానీ పెళుసు, సుత్తి దెబ్బకు ఆగదు.

దీని అసలు గుణం 1873లో బయటపడింది. సముద్రం అడుగున వేసే టెలిగ్రాఫ్ తీగలను పరీక్షించడానికి ఇంజనీరు విల్లోబీ స్మిత్ సెలీనియం కడ్డీలు వాడాడు. వెలుతురు పడ్డప్పుడల్లా వాటి నిరోధం తగ్గిపోతుంటే లెక్కలు కుదరలేదు. పదేళ్లకు, 1883లో, అమెరికాలో చార్లెస్ ఫ్రిట్స్ సెలీనియం మీద పలుచటి బంగారు పొర వేసి మొదటి సౌరఘటం చేశాడు. పడ్డ ఎండలో నూటికి ఒక వంతు కూడా కరెంటుగా మారలేదు. బనగానపల్లెకు ఉత్తరాన గని, శకునాల పొలాల్లో 2017లో పూర్తయిన 1000 మెగావాట్ల సోలార్ పార్కు పలకలు సిలికాన్‌వే అయినా, వంశవృక్షంలో పైన ఉన్నది సెలీనియమే.

సిలికాన్ దాన్ని పక్కకు నెట్టకముందు రేడియోల్లో ఏసీని డీసీగా మార్చింది సెలీనియం పలకలే. ఇక రిజిస్ట్రారు ఆఫీసు ముందరి జిరాక్స్ అంగళ్లకు ఇది కులదైవం లాంటిది. 1959లో వచ్చిన జిరాక్స్ 914 యంత్రం గుండెకాయ సెలీనియం పూసిన డ్రమ్ము. చీకట్లో డ్రమ్ముకు విద్యుదావేశం ఎక్కిస్తారు. కాగితం తెల్లభాగం నుంచి తిరిగొచ్చిన వెలుగు పడ్డచోట ఆవేశం జారిపోతుంది. అక్షరాల నీడ పడ్డచోట నిలుస్తుంది, అక్కడ నల్లపొడి అంటుకుంటుంది. ఇప్పటి యంత్రాల్లో ఆ పూత దాదాపు సేంద్రియ పదార్థాలదే.

డ్రమ్ము మీది సెలీనియం స్ఫటికం కాదు, గాజులాంటి రూపం. దానితోనే చిక్కు. దాదాపు 40 డిగ్రీల దగ్గర అది మెత్తబడటం మొదలవుతుంది, క్రమంగా స్ఫటికంగా మారి చీకట్లోనూ ఆవేశాన్ని పట్టి ఉంచలేకపోతుంది. నంద్యాల వైపు మే నెల 43 డిగ్రీల ఎండకు ఇది సరిపడే సరుకు కాదు. అందుకే కొంచెం ఆర్సెనిక్ కలిపి నిలబెట్టారు. ఇదే రూపం ఇప్పుడు రొమ్ము క్యాన్సర్ పరీక్షకు వాడే డిజిటల్ మామోగ్రఫీ పలకల్లో ఉంది, ఎక్స్‌రేను నేరుగా విద్యుత్ సంకేతంగా మారుస్తుంది. అలాంటి యంత్రమున్న గదిలో ఏసీ రోగి కోసం కాదు, పలక కోసం రాత్రీపగలూ నడవాలి. రాయలసీమలో యంత్రం కొనే ఆసుపత్రి జనరేటర్ ఖర్చునూ అందులోనే వేసుకోవాలి.

మరి ఇది విషమా? ఏ రూపంలో, ఎంత అన్నది చెప్పకుండా ఆ ప్రశ్నకు అర్థం లేదు. పెద్దవాళ్లకు రోజుకు 55 మైక్రోగ్రాములు కావాలని, 400 దాటకూడదని అమెరికా లెక్క. ఇంత ఇరుకు హద్దులున్న పోషకాలు తక్కువే. పంజాబ్‌లోని నవాన్‌షహర్, హోషియార్‌పూర్ వైపు కొన్ని నేలల్లో సెలీనియం ఎక్కువై, అక్కడ పెరిగిన మేత తిన్న పశువుల గిట్టలు ఊడాయి. 2024 చివర మహారాష్ట్రలో బుల్ఢాణా జిల్లా పల్లెల్లో ఉన్నట్టుండి జనం జుట్టు రాలిపోతే, పరీక్షించిన డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ వాళ్ల రక్తంలో సెలీనియం అధికంగా ఉందని చెప్పి, రేషన్ గోధుమలను అనుమానించారు.

గాజులో చిక్కుకున్న సెలీనియం చేతికి అంటదు. కొలిమి దగ్గర పొగ పీల్చే కూలీ సంగతి వేరు, పైగా అక్కడ కాడ్మియమూ ఉంటుంది. విడి మూలకంగా ఉన్న సెలీనియం ఒంట్లోకి అంతగా ఎక్కదు. నీళ్లలో కరిగే సెలినైట్లు ఎక్కుతాయి. అన్నింటిలోకీ ప్రమాదం హైడ్రోజన్ సెలినైడు వాయువు. మోతాదు మించినవాళ్ల ఊపిరిలో వెల్లుల్లి వాసన వస్తుంది.

పట్టణాల్లో చెక్క, అక్రిలిక్ మీద పేర్లు చెక్కే కార్బన్ డయాక్సైడ్ లేజర్ యంత్రాల్లో పసుపు రంగు లెన్సు ఉంటుంది. అది చాలావరకు జింక్ సెలినైడే. ఆ లేజర్ కాంతిని మామూలు గాజు మింగేస్తుంది, ఇది సాగనిస్తుంది. బాగున్నంత కాలం దానితో భయం లేదు. మసిపట్టి వేడెక్కి పగిలితే మాత్రం ఆ పొగ పీల్చకూడదు, ముక్కల్ని వట్టి చేత్తో ఏరకూడదు, యాసిడ్‌తో కడగనే కూడదు. యంత్రం ఆపి, గాలి ఆడనిచ్చి, గ్లౌజులు వేసుకుని, తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డతో సహా మూత బిగించిన డబ్బాలో వేసి లెన్సు అమ్మినవాళ్లకో ఈ-వేస్ట్ సేకరించేవాళ్లకో ఇవ్వాలి. పాత సెలీనియం డ్రమ్ములకూ ఇదే పద్ధతి. అల్యూమినియం కోసం వాటిని మంటలో వేసి పూత కాల్చే పని మాత్రం ఏ పాతసామాన్ల అంగట్లోనూ జరగకూడదు.