వీల్‌చైర్ ఇచ్చాక మన పని

సభలో వీల్‌చైర్ అందజేస్తాం, దాత కోసం దుఆ చేస్తాం. అందుకున్న సోదరుడు ఇంటికి వెళ్లిపోతాడు. ఆ తర్వాత ఆయన ఆరోగ్యం ఎలా ఉందని మనం అడుగుతున్నామా?

వెన్నుపాము దెబ్బతిన్న చాలామందికి నడుము కింద స్పర్శ ఉండదు. ఒకేచోట ఎక్కువసేపు కూర్చుంటే మనకు నొప్పి పుడుతుంది, సర్దుకుని కూర్చుంటాం. వారికి ఆ నొప్పి తెలియదు. ఒత్తిడి వల్ల ఆ చోట రక్తప్రసరణ తగ్గి, చర్మం కమిలి, పుండు పడుతుంది. అది ఎముక దాకా పోతే నెలల తరబడి మంచమే. చీము రక్తంలోకి పాకితే ప్రాణానికే ముప్పు.

ఒకప్పుడు ఇలాంటివారిలో ఎక్కువమంది ఈ పుండ్లతోనూ మూత్రనాళ ఇన్ఫెక్షన్లతోనూ చనిపోయేవారు. 1944లో ఇంగ్లండులోని స్టోక్ మాండవిల్ ఆసుపత్రిలో డాక్టర్ లుడ్విగ్ గట్‌మన్ రోగులను రాత్రీపగలూ 2 గంటలకొకసారి పక్కకు తిప్పించారు, వ్యాయామం, ఆటలు నేర్పించారు. 1948లో అక్కడ జరిపిన విలువిద్య పోటీయే నేటి పారాలింపిక్స్‌కు నాంది.

ఇంట్లో చేయవలసినవి కష్టమైనవి కావు. కూర్చున్నప్పుడు 15 నుంచి 30 నిమిషాలకొకసారి ముందుకు వంగాలి, లేదా చేతుల మీద బలం మోపి పైకి లేవాలి. రోజూ అద్దం పెట్టి పిరుదులు, మడమలు చూసుకోవాలి. ఎర్రమచ్చ కనబడితే అది పోయేదాకా ఆ చోట బరువు పడనివ్వకూడదు. మరుగుదొడ్డికి వెళ్లడం కష్టమని నీళ్లు తగ్గించేవారున్నారు, ముఖ్యంగా ఆడవారు. దానివల్ల మూత్రంలో ఇన్ఫెక్షన్, రాళ్లు వచ్చే ప్రమాదం పెరుగుతుంది. వారికి కావలసింది వీల్‌చైర్ లోపలికి పట్టే తలుపున్న మరుగుదొడ్డి.

వీల్‌చైర్ సేవకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో 8 మెట్లు సూచించింది. నిధులు సమకూర్చడం వాటిలో 4వది మాత్రమే. మనిషి కొలతలకు తగ్గట్టు అమర్చడం, వాడకం నేర్పడం, తర్వాత వెళ్లి చూసి రావడం ఆ పైన వస్తాయి.

కాబట్టి దాతలకు మా మనవి ఒకటే. ఒక వీల్‌చైర్‌కు ఇచ్చేటప్పుడు మంచి కుషన్‌కూ, ఆయనను చూసుకునే తల్లికో భార్యకో ఇచ్చే శిక్షణకూ, నెల తర్వాత ఒకరు ఇంటికి వెళ్లి చూసి వచ్చే ఖర్చుకూ కలిపి ఇవ్వండి. ఆ వెళ్లేవారు కూడా వీల్‌చైర్‌లో జీవితం గడుపుతున్నవారైతే మరీ మంచిది. వారి మాట ఆ ఇంట్లో త్వరగా చెవికెక్కుతుంది. డబ్బు సరిపోక పది కుర్చీలకు బదులు ఎనిమిదే ఇవ్వవలసి వచ్చినా ఫరవాలేదు. ఆ ఎనిమిది మందీ వచ్చే ఏడాది సభకు ఆరోగ్యంగా రావాలి.