తీగ మెత్తగా ఉండాలి, మంటకు లొంగకూడదు

మీ బల్ల కింద ఒకసారి తొంగి చూడండి. లాప్‌టాప్ చార్జరు తీగ, మానిటరు తీగ, నెట్‌వర్కు తీగ. లోపలిది రాగి, పైతొడుగు ప్లాస్టిక్కు. ఆ తొడుగు అంటుకుంటే?

1975 ఫిబ్రవరి 27న న్యూయార్కు మన్‌హట్టన్‌లో ఒక టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో జరిగింది అదే. పి.వి.సి. తొడుగున్న తీగలు గంటల తరబడి కాలాయి. దాదాపు 1,70,000 ఫోన్లు మూగబోయాయి. పొగ పీల్చిన అగ్నిమాపక సిబ్బంది ఎందరో అస్వస్థులయ్యారు.

పి.వి.సి. బరువులో సగానికి పైగా క్లోరినే. క్లోరిన్, బ్రోమిన్ వంటి హాలోజెన్లు మంటలోని గొలుసు చర్యను తెంపుతాయి. అందుకే పి.వి.సి. తేలికగా అంటుకోదు. కాని పెద్ద మంటలో పడితే ఆ క్లోరినే హైడ్రోజన్ క్లోరైడుగా బయటకొచ్చి, తేమ తగలగానే ఆమ్లమవుతుంది. ఊపిరితిత్తులనూ వదలదు, సర్క్యూట్ బోర్డులనూ వదలదు.

దీనికి బదులుగా థర్మోప్లాస్టిక్ ఎలాస్టోమర్లు వచ్చాయి. ఇవి రబ్బరులా సాగుతాయి, వేడిచేస్తే ప్లాస్టిక్కులా కరుగుతాయి. చిక్కేమిటంటే, వీటిలో చాలా రకాలు వట్టి హైడ్రోకార్బన్లు. మెత్తదనం కోసం నూనె కూడా కలుపుతారు. అంటే నూనెలో నానిన వత్తే!

మొదటి మందు అల్యూమినియం హైడ్రాక్సైడ్. సుమారు 200 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఇది విడిపోయి, తన బరువులో మూడో వంతు నీటి ఆవిరిగా వదిలి మంటను చల్లారుస్తుంది. అయితే మిశ్రమంలో 60 శాతం దాకా ఈ పొడే ఉండాలి. అప్పుడు తీగ బిరుసెక్కి, వంచితే పగులుతుంది.

రెండో మందు భాస్వరం, నత్రజని కలిసిన అమోనియం పాలీఫాస్ఫేట్ వంటివి. వీటికి తగిన జోడీలు కలిపితే, వేడికి తొడుగు పైభాగం పూరీలా పొంగి బొగ్గు పొరగా మారుతుంది. వేడి లోపలికి, ఇంధనం బయటికి పోకుండా ఆ పొర అడ్డుపడుతుంది. తక్కువ పొడి చాలు, మెత్తదనం మిగులుతుంది. కాని ఇవి తేమను పీలుస్తాయి. కాలక్రమంలో పైకి ఊరి, విద్యుత్ నిరోధాన్ని దెబ్బతీయవచ్చు.

ఒక బగ్గు సరిచేస్తే ఇంకొకటి పుట్టడం మనకు కొత్త కాదు కదా! ఇక్కడా అంతే. మంట, మెత్తదనం, తేమ, ధర నాలుగూ ఒకేసారి కుదరాలి.

కనుక "హాలోజెన్ రహితం" అన్న ముద్ర ఒక్కటే చూసి మురిసిపోకండి. హాలోజెన్ లేదన్నంత మాత్రాన మంట ఆగుతుందని కాదు. పక్కన "వి.డబ్ల్యు-1" వంటి గుర్తు కూడా ఉందేమో చూడండి. నిలువుగా పెట్టిన తీగకు మంట తగిలించి, తీసేశాక తనంతట తాను ఆరిపోతుందో లేదో చూసే పరీక్ష అది. రెండూ ఉంటేనే నిశ్చింత.