కరగి కలిసిన అతుకు

విమానపు రెక్కలో రెండు భాగములు కలియుచోట లోపమున్నచో అది పైకి కనబడదు. కావున అట్టి అతుకు ఎట్లు ఏర్పడునో ఇచ్చట వివరింప దలచితిమి.

లోహపు రేకులకు రంధ్రములు చేసి రివెట్లు బిగించుట పాత పద్ధతి. కాని గాజు తంతువులనో, కర్బన తంతువులనో ప్లాస్టిక్కులో పొదిగి చేసిన మిశ్రమ పదార్థమునకు ప్రధాన బలము ఆ తంతువులే. రంధ్రము చేసినచో అవియే తెగిపోవును.

ఇట్టి ప్లాస్టిక్కులు రెండు తెగలు. మొదటిది కాల్చిన కుండ వంటిది. ఒకసారి గట్టిపడిన పిమ్మట మరల కరగదు. దానిని కలుపుటకు జిగురో, రివెట్లో కావలెను. రెండవది లక్క వంటిది. వేడికి కరగును, చల్లారిన గట్టిపడును. దీనినే థర్మోప్లాస్టిక్కు అందురు. దీనికి వేరు జిగురుతో పనిలేదు.

ఏలయన, దీని అణువులు పొడవైన గొలుసులు. రెండు ముక్కలను చేర్చి, కలియు ముఖములను కరగించినపుడు, ఒకదానిలోని గొలుసులు సరిహద్దు దాటి రెండవదానిలోనికి ప్రాకి అచ్చటి గొలుసులతో పెనవేసికొనును. చల్లారిన పిమ్మట రెండును ఒకటే యగును.

ఇందులకు వేడి, ఒత్తిడి, కాలము మూడును సరిపోవలెను. విమానములలో వాడు పాలీఫినిలీన్ సల్ఫైడు సుమారు 280 సెంటిగ్రేడు డిగ్రీలకు కరగును. వేడి చాలనిచో గొలుసులు దాటలేవు; మితిమీరినచో పదార్థమే చెడును. ఒత్తిడి చాలనిచో ముఖముల నడుమ గాలి చిక్కుకొనును. చల్లారువరకు ఆ ఒత్తిడిని సడలింపరాదు. సడలించినచో అణగియున్న తంతువులు పొంగి లోపల బోలు ఏర్పడును.

భాగమంతయు వేడిచేసినచో దాని రూపు చెడును గనుక వేడి అతుకు చోటనే పుట్టవలెను. గాజు తంతువులలో విద్యుత్తు ప్రవహింపదు. అందుచే నడుమ సన్నని లోహపు వలనుంచి దానిలో విద్యుత్తును పంపుదురు. 2005లో తొలిసారి ఎగిరిన ఎయిర్‌బస్ ఏ-380 రెక్కల ముందంచులోని భాగములను ఇట్లే అతికిరి. కర్బన తంతువులలో విద్యుత్తు ప్రవహించును. కావున పైనుండి తీగచుట్టను నడిపిన చాలును, పదార్థములోనే విద్యుత్తు ప్రేరితమై వేడి పుట్టును. 2009లో తొలిసారి ఎగిరిన గల్ఫ్‌స్ట్రీమ్ జి-650 తోకలోని చుక్కానికి ఈ పద్ధతి నవలంబించిరి.

ముగించుటకు ముందు ఒక మాట. అతుకులో గాలి బుడగ యున్నచో శ్రవణాతీత ధ్వనులతో పట్టవచ్చును. కాని ముఖములు తాకియుండి గొలుసులు దాటనిచో, ఆ పరీక్షకు అతుకు మంచిదివలెనే తోచవచ్చును. అందుచేత తయారగుచున్నపుడే వేడిని, ఒత్తిడిని, కాలమును క్షణక్షణము గుర్తించి వ్రాసియుంచవలెను. అతుకుపై మనకు గల నమ్మకము చాలవరకు ఆ లెక్కలపైననే నిలిచియున్నది.