కరువుసీమకు దూరపుబాట

అనంతపురం సీమ పటమును చూచినవారికి రెండు గీతలు స్ఫుటముగా కనబడును. ఒకటి హైదరాబాదునుండి బెంగుళూరునకు పోవు 44వ జాతీయ రహదారి. రెండవది గుంతకల్లు, ధర్మవరం, హిందూపురం మీదుగా బెంగుళూరు చేరు రైలుమార్గము. సాలుకు సుమారు 550 మిల్లీమీటర్ల వానయే ఆధారమైన ఈ మెట్టనేలకు ఈ గీతలే నదులవంటివి. కాని చెంతనే నది యున్నను కాలువ లేని చేనికి నీరందదు. బాటలకును ఇదియే న్యాయము.

ఈ సత్యమును ఈ సీమ మిక్కిలి వెలయిచ్చి నేర్చుకొన్నది. మద్రాసునుండి బయలుదేరిన రైలుమార్గము తాడిపత్రి, గుత్తి, గుంతకల్లు మీదుగా సాగి 1871లో రాయచూరువద్ద బొంబాయి మార్గముతో కలిసినది. రెండు రేవుపట్టణములను కలుపుటయే దాని ప్రధానోద్దేశము. ఐదేండ్లకే ధాత కరువు వచ్చిపడినది. 1876–78 సంవత్సరములలో బళ్లారి జిల్లా ఘోరముగా నష్టపోయినది. అనంతపురం అప్పటికింకను అందులోని భాగమే. ధాన్యము ఓడలలో మద్రాసు చేరినది. రైలు దానిని లోనాటికి తెచ్చినది. స్టేషనునుండి పల్లెకు చేర్చవలసినది ఎడ్లబండి. మేతలేక ఎడ్లు చచ్చినవి. దేవుడు వరమిచ్చినా పూజారి వరమీయడన్నట్లు, రైలు వచ్చినను బండి కదలలేదు. కొనుటకు కూలివాని చేతిలో కాసు లేకపోవుట మరియొక కారణము. రెండును కలిసి ప్రాణములు తీసినవి.

పిదప 1880లో రిచర్డు స్ట్రాచీ అధ్యక్షతన పనిచేసిన కరువు కమిషను, క్షామరక్షణకు రైలుమార్గములు ముఖ్యసాధనమని సూచించినది. 1882లో అనంతపురం ప్రత్యేక జిల్లా అయినది. గుంతకల్లునుండి నంద్యాల మీదుగా బెజవాడకు, ధర్మవరమునుండి పాకాలకు, గుంతకల్లునుండి హిందూపురమునకు మార్గములు 1890 ప్రాంతమున ఒకదానివెంట నొకటి ఏర్పడినవి. ధాత కరువునాడు తల్లియొడిలోనున్న బిడ్డ యువకుడగునాటికిగాని ఈ పని ముగియలేదు. బాటలను తలపెట్టువారు ఒక తరము ముందుగా ఆలోచింపవలెననుటకు ఇంతకంటె నిదర్శనమేల?

నేడు ఈ సీమను కదలించుచున్నది కరువుకాదు, బెంగుళూరు పెరుగుదల. 2008లో దేవనహళ్లివద్ద విమానాశ్రయము ప్రారంభమైనప్పటినుండి ఆ మహానగరము ఉత్తరమునకు, అనగా హిందూపురం దిక్కునకు, విస్తరించుచున్నది. పెనుకొండ చేరువ ఎర్రమంచివద్ద కియా కార్ల కర్మాగారము 2019లో ఉత్పత్తి ప్రారంభించినది. 2020 సెప్టెంబరు 9న అనంతపురమునుండి ఢిల్లీకి కిసాన్ రైలు చీనీ, అరటి, బొప్పాయి పండ్లతో బయలుదేరినది. పండు ఢిల్లీకి పోగలిగినదనుట సంతోషకరమే. ఐనను తోటనుండి స్టేషనుకు గల గుంతలదారిలో నలిగిన పండునకు ఎంతటి రైలును మేలు చేయజాలదు.

కొత్త పథకములను ఈ గీటురాతిపైననే పరీక్షింపవలెను. అనంతపురమునుండి అమరావతికి తొలుత తలపెట్టిన పెద్దబాట స్థానమున బెంగుళూరు–విజయవాడ మార్గము వచ్చినది. శ్రీ సత్యసాయి జిల్లా కొడికొండవద్ద మొదలై అద్దంకివైపు సాగు ఈ బాటలోనికి నిర్ణీతస్థలములందే ప్రవేశము. రెండు నగరముల నడుమ కాలము తగ్గును. నడుమనున్న పల్లెకు అనుబంధపుబాట లేనిచో దుమ్మే మిగులును. 2007–08లో మంజూరైన రాయదుర్గం–తుముకూరు రైలుమార్గము తీరు వేరు. రైలెరుగని కల్యాణదుర్గం, మడకశిర ప్రాంతములను తాకుటకే అది ఉద్దేశింపబడినది. అట్టివి అంచెలంచెలుగా, ఆలస్యముగా సాగుట ఈ సీమకు కొత్తకాదు.

మహానగరమును దృష్టిలోనుంచుకొని గీయు పటములో మహానగరమొక్కటే యుండరాదు. నేడు ఐదవ తరగతి చదువు బాలుడు సంసారియగునాటికి తన పంటతో, పనితో ఎటు పోవలెనో అందులో కనబడవలెను. ఉపాధ్యాయులు తరగతిలో జిల్లా పటము పరచి, మన ఊరినుండి స్టేషను ఎంత దూరము, వానకాలమున ఆ దారి నడుచునా యని విద్యార్థులచే లెక్కింపజేసిన మేలు. ధాత కరువునాడు బండి ఆగిపోయినది ఆ కొద్దిదూరముననే.