విల్లీ స్టార్క్: నవలలోని గవర్నరు

విల్లీ స్టార్క్ పేరు అమెరికా చరిత్ర గ్రంథములలో కానరాదు. ఇతడు రాబర్ట్ పెన్ వారెన్ 1946లో ప్రకటించిన ‘ఆల్ ది కింగ్స్ మెన్’ నవలలోని గవర్నరు. 1935లో హత్యకు గురియైన లూసియానా నాయకుడు హ్యూయీ లాంగ్ ఛాయలు ఇతనియందు స్పష్టముగా కలవు.

స్టార్క్ రైతుబిడ్డ, స్వయంకృషితో ప్లీడరైనవాడు. బడి కట్టడపు కాంట్రాక్టులోని అక్రమమును ఎదిరించగా ఎవరును చెవినిడలేదు. పిదప ఆ బడి మెట్లు కూలి పిల్లలు మరణించిరి. ఆ పేరును వాడుకొని, ప్రత్యర్థి ఓట్లు చీల్చుటకై కొందరు అతనిని ఎన్నికలలో నిలిపిరి. తాను పావునని తెలిసిన నాడే అతనిలోని అసలు నాయకుడు మేల్కొనెను. గవర్నరై రోడ్లు వేయించెను, బెదిరింపులకును వెనుదీయలేదు. మంచిని చెడు నుండియే చేయవలెను, వేరు ముడిసరుకు లేదని అతని వాదము.

అట్టివాడు, తాను కట్టదలచిన ఉచిత వైద్యశాలకు మాత్రము లంచపు మరక సోకరాదని పట్టుపట్టెను. ఈ ఒక్కచోట తన వాదమును తానే ఏల నమ్మలేదు? మా దృష్టిలో నవలకు ప్రాణము ఇదియే. కొడుకు చిక్కులవలన ఒకసారి లొంగి కాంట్రాక్టు ఇచ్చినను, తరువాత రద్దుచేసెను. దానికి పగబట్టిన అనుచరుడు, స్టార్క్‌కును డాక్టరు ఆడమ్ స్టాంటన్ సోదరికిని గల సంబంధమును ఆ డాక్టరు చెవిన వేసెను. వైద్యశాలకు అధిపతిగా స్టార్క్ ఏరికోరి పిలిచిన ఆ స్టాంటనే అతనిని శాసనసభా భవనములో కాల్చెను.